కనబడని చెయ్యి

“మీ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎలాగే?” అని ఓసారి నా స్నేహితురాలు ఆశ్చర్యపోయింది. నేను మొదటి నవల రాస్తున్న రోజులవి. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి పదకొండింటిదాకా నా గదిలో కూర్చుంది. వీధిలో కూరలవాడి కేక తప్ప, ఇంట్లో చెంచా చప్పుడైనా వినబడలేదు. నేను కాస్త గర్వంగానే నవ్వి, “మా ఇల్లంతే!” అన్నాను.

ఇన్నేళ్ళకి ఆ మాట మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. గోల్ఫు ఆట చూస్తుంటే గుర్తొచ్చింది.

గోల్ఫుకీ నాకూ బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. మావారికీ లేదు. ఆయన జన్మలో ఆ కర్ర పట్టుకోలేదు. కాని టీవీలో ఏ ఆట వచ్చినా సరే, ఆడేవాళ్ళకి లేని ఆయాసమంతా తాను పడుతూ చూడటం ఆయనకి అలవాటు. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ అని నేను అంటూనే ఉంటాను. మొన్న ఏప్రిల్‌లో ఓ ఆదివారం అర్ధరాత్రి మంచినీళ్ళకని లేచి హాల్లోకొచ్చాను. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో ఏటా జరిగే మాస్టర్స్ పోటీ వస్తోంది. ఆట నాకేమీ అర్థం కాలేదు గాని, ఆ చోటు చూసి నిలబడిపోయాను. పచ్చటి నేల అలలు అలలుగా సాగి, పొడుగాటి పైన్ చెట్ల నీడలో ఆగింది. విరగబూసిన పొదలు, ఓ సన్నటి వాగు, అక్కడక్కడ ఏటి ఒడ్డున ఉన్నట్టే తెల్లటి ఇసుక.

“ఎంత బాగుందండీ! దేవుడు పుట్టించినదాన్ని పుట్టించినట్టే వదిలేశారు కాబోలు,” అన్నాను.

“దేవుడు కాదు, ఓ డాక్టరు,” అన్నారు మావారు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. “ఇంగ్లండువాడు. వైద్యం మానేసి ఊరూరా ఇలాంటివి తయారుచేస్తూ తిరిగాడు.”

నా నిద్ర తేలిపోయింది. అంత సహజంగా ఉన్నదాన్ని ఒకడు పనిగట్టుకుని తయారుచెయ్యడమేమిటి? ఆ తర్వాత నాలుగు వారాలపాటు ఆ డాక్టరుగారి గురించి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ, “మా ఇల్లంతే” అని నేనన్న మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలెట్టింది.

ఆయన పేరు ఆలిస్టర్ మెకంజీ. 1870లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో నార్మంటన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరు. కొడుకు కూడా కేంబ్రిడ్జిలో చదివి డాక్టరయ్యాడు. దక్షిణాఫ్రికాలో బ్రిటిషు సైన్యానికీ బోయర్లకీ యుద్ధం జరిగినప్పుడు సర్జనుగా అక్కడికి వెళ్ళాడు. బోయర్లు సేద్యం చేసుకునేవాళ్ళు. పెద్ద సైన్యం లేదు, కాని నేల గుట్టు తెలుసు. మిట్టపల్లాల్లోనూ గడ్డి చాటునా కలిసిపోయి కూర్చునేవారు. ఎదురుగా ఉన్నా బ్రిటిషు సైనికుల కంటికి ఆనేవారు కాదు. తూటా వచ్చి తగిలాక గాని అక్కడ మనిషి ఉన్నాడని తెలిసేది కాదు. సర్జనుగారు గాయాలకి కట్లు కడుతూనే ఈ విద్యని కూడా మనసులో కట్టి పెట్టుకున్నారు.

యుద్ధం అయ్యాక లీడ్స్ నగరంలో వైద్యం చేస్తూ, 1907లో ఆ ఊరి దగ్గరే ఆల్‌వుడ్లీ అనే గోల్ఫు కోర్సుకి నమూనా గీశాడు. ఆ రంగంలో అప్పటికే పేరున్న హ్యారీ కోల్ట్ ఆయనకి సాయంగా వచ్చాడు. 1914లో ఓ ఇంగ్లీషు పత్రిక పెట్టిన గోల్ఫు నమూనాల పోటీలో డాక్టరుగారికి మొదటి బహుమతి వచ్చింది. అంతలో మొదటి ప్రపంచయుద్ధం. ఈసారి సైన్యం ఆయన్ని కందకాలనీ స్థావరాలనీ శత్రువు కంటపడకుండా దాచే విద్య నేర్పడానికి వాడుకుంది. యుద్ధం ముగిశాక స్టెతస్కోపు పక్కన పెట్టేశాడు. మందు సీసాలకంటే ఆరుబయట నడకా, ఆటా మనిషికి ఎక్కువ మేలు చేస్తాయని ఆయన నమ్మకం. 1920లో గోల్ఫు కోర్సుల నిర్మాణం మీద ఓ చిన్న పుస్తకం రాసి, అందులో 13 సూత్రాలు పెట్టాడు.

మనలాంటివాళ్ళకోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కర్రతో బంతిని కొట్టి, ఎక్కడో దూరాన నున్నటి గడ్డి మధ్య ఉన్న చిన్న గుంటలో పడెయ్యాలి. దాన్నే హోలు అంటారు. ఎంత తక్కువ దెబ్బల్లో పడేస్తే అంత గొప్ప. ఇలాంటి హోళ్ళు 18. దారిలో అడ్డంగా ఇసుక గుంటలు ఉంటాయి, వాటిని బంకర్లంటారు. ఆ రోజుల్లో చాలాచోట్ల బంకరంటే తాడు పట్టి కొలిచినట్టు తిన్నగా తవ్విన కాలవ, దాని వెనకాల గట్టు. ఎవరో పలుగూ పారా పట్టుకుని తవ్వారని చూడగానే తెలిసిపోయేది. మెకంజీ అలా కాదు. గుంట అంచుల్ని వంకరటింకరగా వదిలేసేవాడు. తవ్వితీసిన మట్టిని చుట్టూ వాలుగా జార్చి, దాని ఒంపుని దూరాన కనబడే దిబ్బల ఒంపుతో కలిపేసేవాడు. గడ్డి మొలిచి నాలుగు వానలు పడ్డాక, కొత్తగా వచ్చినవాడికి ప్రకృతి చేసిందేదో మనిషి చేసిందేదో తెలియకూడదన్నది ఆయన పట్టుదల. యుద్ధంలో కందకం కనబడకూడదు. మైదానంలో మనిషి చెయ్యి కనబడకూడదు.

ఇది చదువుతుంటే నాకు మా ఊళ్ళో రఫూ చేసే ముసలాయన గుర్తొచ్చాడు. మేకు పట్టి చిరిగిన పట్టుచీరని ఆయనకిస్తే, ఆ చీరలోంచే దారం తీసి, దానితోనే చిరుగు కలిపేసేవాడు. తిరిగి తెచ్చుకున్నాక ఎక్కడ చిరిగిందో మనమే వెతుక్కోవాలి. తమాషా ఏమిటంటే, అప్పుడే మనకి బేరమాడబుద్ధేస్తుంది. “ఇంతోటి పనికి అంత డబ్బా?” అంటాం. కుట్టు ముతగ్గా కనబడితే, పాపం ఎంత కష్టపడ్డాడో అని అడిగినంతా ఇచ్చేవాళ్ళమేమో! పని బాగా చేసిన కొద్దీ పని చేసినట్టు కనబడకపోవడం, కనబడని కొద్దీ విలువ తగ్గిపోవడం — ఎంత అన్యాయమో చూడండి.

మెకంజీ 13 సూత్రాల్లో నాకు బాగా నచ్చినవి ఇంకో రెండున్నాయి. పోయిన బంతికోసం తుప్పల్లో వెతుక్కునే చిరాకు ఆడేవాళ్ళకి ఉండకూడదట. ఆట అంతంతమాత్రం వచ్చినవాడు కూడా, దెబ్బలు ఎన్ని లెక్కకొచ్చినా సరే, సంతోషంగా ఆడి ఇంటికి పోగలగాలట. అందుకని బంకర్లని బలహీనుణ్ణి పడగొట్టడానికి కాకుండా బలవంతుణ్ణి ఊరించడానికి పెట్టేవాడు. “ధైర్యముంటే ఇటు మీదుగా కొట్టు, దగ్గర దారి. లేదూ, అటు చుట్టూ తిరిగి రా, ఓ దెబ్బ ఎక్కువవుతుంది, అంతే” అన్నట్టుండేది ఆయన కోర్సు.

ఈ సూత్రం మనకేం కొత్త? పంక్తిలో కూర్చున్నవాళ్ళలో పళ్ళులేని తాతగారికి మెత్తటి ముద్ద, పిల్లలకి కారం వెయ్యకముందే తీసిపెట్టిన పప్పు, ఉపవాసం ఉన్న పిన్నిగారికి పళ్ళెంలో పళ్ళూ, ఎవరూ అడక్కుండానే, ఎవరి లోటూ పదిమందిలో బయటపడకుండానే అమరిపోయే ఇళ్ళు మనం చూడలేదూ? తిన్నవాళ్ళంతా భోజనం బ్రహ్మాండమంటూ లేస్తారు. ఇన్ని రకాల మనుషులకి ఒకే పంక్తిలో వడ్డించడం వెనక ఎంత ఆలోచన ఉందో ఎవరికీ తట్టదు. తట్టకుండా ఉండటమే ఆ వడ్డన గొప్పతనం.

ఇక నా ముల్లు సంగతి చెబుతాను.

మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. దినవారాలన్నీ అయ్యాక, ఓ పొద్దున్న మళ్ళీ రాసుకోవడానికి కూర్చున్నాను. పది నిమిషాలకల్లా వంటింట్లోంచి కుక్కర్ కూత. ఉలిక్కిపడ్డాను. రెండో కూతకి కలం ఆగిపోయింది. మూడో కూతకి లేచి వెళ్ళి, “ఇదేమిటండీ కొత్తగా!” అన్నాను. మావారు వింతగా చూసి, “కొత్తేమిటి? నువ్వు రాసుకుంటున్నంతసేపూ అమ్మ కుక్కర్ పెట్టేది కాదుగా. విడిగా గిన్నెలో వండేది. పచ్చడి కూడా నువ్వు లేవకముందే రుబ్బేసేది. నీకు తెలీదూ?” అన్నారు.

నాకు తెలీదు. ఎనిమిదేళ్ళపాటు తెలీదు. రెండు నవలలూ, ఇన్ని కథలూ ఆ నిశ్శబ్దంలో కూర్చునే రాశాను. మనుషుల మనసు లోతులు చూసి రాస్తానని పాఠకులు ఉత్తరాలు రాస్తే మురిసిపోయాను. పక్కగదిలో ఓ పెద్దావిడ గ్యాసు మంట తగ్గించి, గిన్నె మీద మూత మోగకుండా చేత్తో పట్టుకుని దించడం మాత్రం చూడలేదు. “మా ఇల్లంతే” అనుకున్నాను, ఆ రాత్రి మైదానాన్ని చూసి దేవుడు పుట్టించాడనుకున్నట్టే.

ఇంకో మాట కూడా చెప్పేస్తే గాని బరువు దిగదు. మొదటి నవల పుస్తకంగా వచ్చినప్పుడు ముందు పేజీలో కృతజ్ఞతలు రాశాను. ప్రూఫులు దిద్దిన పెద్దాయన, బొమ్మ వేసినాయన, ప్రోత్సహించిన మావారు, ఆఖరికి కాగితాలు జెరాక్సు తీసిపెట్టిన కుర్రాడు, అందరూ ఉన్నారు. అత్తగారికి అప్పటికే చూపు తగ్గింది. ఆ పేజీ నా చేత చదివించుకుని విని, “అందరి పేర్లూ వేశావు. మంచిపని చేశావమ్మాయ్!” అన్నారు. ఆవిడ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే ఇంత బాధ ఉండకపోను.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికొస్తాను. ఆయన అమెరికాలో చేసిన కోర్సుల్లో సైప్రస్ పాయింట్ ఒకటి. కాలిఫోర్నియా సముద్రపుటొడ్డున ఉంది, 1928లో తెరిచారు. అందులో పదహారో హోలుకి ప్రపంచమంతా పేరు. ఇటు కొండ అంచు, అటు కొండ అంచు, మధ్య సముద్రం. బంతి 200 గజాలకి పైగా నీళ్ళ మీదుగా ఎగిరి అవతల పడాలి. ఆ హోలు ఊహ మెకంజీది కాదు, ఓ స్త్రీది. ఆవిడ పేరు మేరియన్ హాలిన్స్. 1921లో అమెరికా మహిళల గోల్ఫు ఛాంపియను, ఆ కోర్సు కట్టించడానికి పూనుకున్న మనిషి. మెకంజీకంటే ముందు ఆ పని ఒప్పుకున్న నిర్మాత, అంత దూరం బంతి దాటదని సందేహించాడట. హాలిన్స్ వాదన పెట్టుకోలేదు. బంతి కింద పెట్టి, కర్ర తీసి, అవతలి గట్టు మీదికి కొట్టి చూపించింది. అది పడ్డచోటే ఇవాళ్టి హోలు ఉందని చెబుతారు.

ఆ నిర్మాత 1926లో పోయాడు. పని మెకంజీ చేతికొచ్చింది. ఊరుకుంటే ఆ పేరంతా ఆయనదే. కాని ఆయన ఊరుకోలేదు. ఎవరికి దక్కవలసిన గౌరవం వాళ్ళకి దక్కాలి, ఆ హోలులో చిల్లర పనులు తప్ప నాదేమీ లేదు, ఊహంతా హాలిన్స్‌దే అన్న అర్థంలో రాసిపెట్టాడు. తర్వాత అగస్టాలో పని జరుగుతున్నప్పుడు తన తరఫున చూసి రమ్మని ఆవిణ్ణే పంపించాడు. ఆవిడకంటే మంచి ఆలోచనలున్న మగవాణ్ణి నేనెరగనని అక్కడివాళ్ళకి చెప్పాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాను. తన చెయ్యి కనబడకూడదని జీవితమంతా తాపత్రయపడిన మనిషి, ఇంకొకరి చెయ్యి దాచడానికి మాత్రం ఒప్పుకోలేదు. అంటే ఇవి రెండూ వేర్వేరు సంగతులన్నమాట. మనం రెండింటినీ కలిపేసి చూస్తున్నాం. కుట్టు కనబడకపోవడం పనితనం. కుట్టినవాళ్ళు కనబడకపోవడం పనితనం కాదు, చూసేవాళ్ళ లోపం.

మరి ఆయన చెయ్యి ఎవరైనా చూశారా అంటే, ఆ కథ కొంచెం బాధగానే ఉంటుంది. అగస్టా స్థలం ఒకప్పుడు పూలమొక్కల నర్సరీ. బెల్జియం నుంచి వచ్చిన ఓ కుటుంబం 1857లో పెట్టింది. అందుకే అక్కడ హోళ్ళకి కామెలియా, పచ్చ జాస్మిన్ అంటూ మొక్కల పేర్లుంటాయి. గోల్ఫు వీరుడు బాబీ జోన్స్ 1930లో పోటీలనుంచి విరమించుకుని, తన కలల మైదానం అక్కడ తయారుచెయ్యడానికి మెకంజీని పిలిచాడు. ఇద్దరూ కలిసి మొదట 22 బంకర్లే పెట్టారు. అంత తక్కువతో అంత ఆటని పుట్టించారు. కాని అవి అమెరికాని ఆర్థిక మాంద్యం పిండేస్తున్న రోజులు. క్లబ్బు చేతిలో డబ్బు లేదు. మెకంజీ తన ఫీజుని తానే తగ్గించుకున్నాడు. ఆ తగ్గించిందీ పూర్తిగా రాలేదు. ఎంతోకొంత పంపమని, గడవడమే కష్టంగా ఉందని ఉత్తరాలు రాశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగినా పెట్టే చెయ్యి లేకపోయింది.

1932 తర్వాత ఆయన అగస్టా వెళ్ళలేదు. గడ్డి పరుచుకుని, పొదలు పూసి, తన పని తన పనిలా కనబడకుండా పోయిన ఆ అందాన్ని ఆయన కళ్ళారా చూడలేదు. 1934 జనవరి 6న కాలిఫోర్నియాలో, హాలిన్స్ కోసం తాను తయారుచేసిన పాసాటియెంపో కోర్సు పక్కనున్న ఇంట్లో కన్నుమూశాడు. 63 ఏళ్ళు. చితాభస్మం ఆ కోర్సు మీదే చల్లారు. అగస్టాలో మొదటి పోటీ జరిగింది ఆ మార్చిలో. హాలిన్స్ కూడా మాంద్యంలో ఆస్తి పోగొట్టుకుని 1944లో వెళ్ళిపోయింది. ఆవిడ సలహా తీసుకున్న అగస్టా క్లబ్బులో ఓ స్త్రీని సభ్యురాలిగా చేర్చుకోవడానికి 2012 దాకా పట్టింది. బలహీనుడికీ దారి ఉండాలన్న సూత్రం నేలమీద అమలైంది గాని, గేటు దగ్గర అమలు కావడానికి 80 ఏళ్ళు పట్టిందన్నమాట.

“ప్రేమతో చేసిన పనికి పేరెందుకు?” అని అడిగేవాళ్ళుంటారు. మా అత్తగారే అడిగి ఉండేవారు, “సొంత ఇంట్లో పనికి పేరేమిటే, చోద్యం కాకపోతే!” అని. ఫలితం ఆశించకుండా పని చెయ్యమని పెద్దలు చెప్పారు కదా అని కూడా అంటారు. నిజమే. కాని నాకో సందేహం. ఆ మాట పనిచేసేవాళ్ళకి చెప్పిందే గాని, చేయించుకునేవాళ్ళకి చెప్పింది కాదు కదా? ఆవిడ ఆశించకపోవడం ఆవిడ పెద్దమనసు. ఆవిడ ఆశించలేదు కదా అని నేను ఇవ్వకపోవడం ఏమవుతుంది? ఆవిడ మంచితనాన్ని నా లెక్కలో జమ వేసుకోవడం అవుతుంది.

అసలు నన్ను కదిలించిన సంగతి ఆఖరున చెబుతాను. హాలిన్స్ గురించి మెకంజీ ఆ మాటలు రాసింది చివరి రోజుల్లో రాసుకున్న ఓ పుస్తకంలో. అది అచ్చు కాకుండానే ఆయన పోయాడు. ఆ రాతప్రతి దశాబ్దాలపాటు ఎవరికీ తెలీకుండా ఉండిపోయి, తర్వాత కుటుంబంవాళ్ళ కంటబడి, 1995లో అచ్చయింది. ‘ది స్పిరిట్ ఆఫ్ సెయింట్ ఆండ్రూస్’ దాని పేరు. ఆయన పోయిన 61 ఏళ్ళకి! అప్పటికి హాలిన్సూ లేదు, ఆయనా లేడు. అయినా ఆవిడ పేరు ఆవిడకి చేరింది. రాసిపెట్టాడు కనకే చేరింది. రాయనిది ఎన్ని పెట్టెలు వెతికినా దొరకదు కదా!

నా మొదటి నవల మళ్ళీ అచ్చు వేస్తామని ప్రచురణకర్తలు ఈమధ్యే అడిగారు. తప్పులేమైనా ఉంటే దిద్ది పంపమన్నారు. రెండు అచ్చుతప్పులు దిద్దాను. ముందు పేజీలో ఓ పేరు చేర్చాను. వినడానికి ఆవిడ లేరు. ఇది ఆవిడకి తీర్చిన బాకీ అనుకుని నన్ను నేను మోసం చేసుకోను. ఆలస్యంగా కట్టిన బాకీకి రసీదు ఇచ్చేవాళ్ళుండరు.

ఇప్పటివాళ్ళనైనా చూడటం నేర్చుకోవాలని తీర్మానించుకున్నాను. ఇవాళ పొద్దున్న ఈ వ్యాసం రాస్తూ తలెత్తితే, బల్లమీద పొగలు కక్కుతూ కాఫీ గ్లాసు. ఎప్పుడొచ్చిందో తెలీదు. తలుపు చప్పుడైనా కాలేదు. మామూలుగా అయితే తాగేసి రాసుకుపోయేదాన్ని. ఈసారి పనిగట్టుకుని లేచి, తలుపు తీసి, “కాఫీ ఎవరు పెట్టారు?” అని గట్టిగా అడిగాను.

వంటింట్లోంచి మావారు కంగారుగా తొంగిచూశారు. “ఏం? బాగాలేదా?”